పటంలో లేని సంచి

మాదన్నపేట మార్కెట్‌లో ఆకుకూరలు అమ్మే సుందరమ్మ ఇంట్లో తండ్రి పటం ఒకటి ఉండేది. గడ్డి మైదానంలో టోపీలు పెట్టుకుని నిలబడ్డ తెల్లదొరలు, అంచున చెప్పుల్లేని కాళ్లతో, తలకు రుమాలు చుట్టుకున్న ఒక బక్కమనిషి. ఆ బక్కమనిషే శివయ్య, సుందరమ్మ తండ్రి. ఏటా పెద్దలకు పెట్టే పెత్రమాస నాడు అద్దం మీద అతని నొసటి చోట కుంకుమ బొట్టు పెట్టి, వండింది ముందు పెట్టి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లు తినేవాళ్లు. దొరలకు బొట్లు లేవు.

శివయ్య దొరల దండు ఉండే లష్కర్‌లో, వాళ్ల గోల్ఫ్ మైదానంలో కూలి. బంతిని కొట్టే కట్టెలన్నీ నింపిన తోలు సంచి భుజానికేసుకుని ఎండలో దొరల వెనక నడవడం అతని పని. నలభై ఎనిమిదిలో, పోలీసు యాక్షన్ అయిన ఏడు జ్వరమొచ్చి చచ్చిపోయాడు. సుందరమ్మ అప్పటికి నాలుగేండ్ల పిల్ల. బతుకంతా బరువు మోసిన మనిషికి ఒక్క ఫోటో లేదు. దొరల కుక్కలకు ఉన్నాయి, గుర్రాలకు ఉన్నాయి, అతనికి లేదు. మేనమామ భిక్షపతి ఆ మైదానానికి పోయి, పాత సామాన్లలో పారేసిన ఈ పటం ఏరుకొచ్చి "అక్కా, గిదిగో బావ" అన్నాడు. తల్లి కాశమ్మ దాన్ని చూసి గొల్లుమన్నది. ఇక కాదనేవాళ్లెవరు?

డెబ్బై ఆరులో పెత్రమాస దగ్గరికొచ్చిందనగా మేకు ఊడి పటం కింద పడింది. అద్దం పగిలింది. సుందరమ్మ దాన్ని పాత చీరలో చుట్టుకుని దబీర్‌పురాలో పటాలు కట్టే బాలకిషన్ దుకాణానికి పోయింది.

"సేఠ్, పెత్రమాసకు గావాలె. మా బాపు పటం."

"అరే, మీ బాపు ఇంతమంది గోరేలోగ్ నడుమ దిగిండు? బడా ఆద్మీయే!"

"బడా ఆద్మీ గాదు, వాళ్ల బరువు మోసినోడు. నవ్వుడు బంద్ జేసి అద్దం కొయ్యి."

దుకాణంలో రామలింగం సారు కూర్చుని ఉన్నాడు. కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరైన మనిషి, పాత ఫోటోల కోసం ఊరంతా తిరుగుతాడు. పటాన్ని వెలుతురుకు పట్టుకుని చూసిన ఆయన జేబులోంచి నోటుబుక్కు తీశాడు.

"ఇంత పాత గోల్ఫ్ ఫోటో ఈ ఊళ్లో నేను చూడలేదు. మీ నాన్న గురించి చెప్పమ్మా. ఇట్లాంటి ఫోటోల కింద దొరల పేర్లే రాస్తారు, మోసినవాళ్ల పేర్లు రాయరు. నేను రాస్తాను."

తండ్రి గురించి చెప్పమని సుందరమ్మను అంతవరకు ఎవరూ అడగలేదు. సంబురంగా చెప్పింది.

"నన్ను ఎడమ భుజం మీద కూసోబెట్టుకునేటోడు సారూ. కుడి భుజం మీద సంచి పట్టీ రాసుకొని రాసుకొని తోలు నల్లగ మొద్దుబారింది. నేను గోరుతోని గీకుతుంటి. 'గిల్లకు బిడ్డా, గది దొరలు వెట్టిన నగ' అని నవ్వేటోడు. పనిల చేరిన దినం సంది గా సంచే మోసిండంట."

రామలింగం సారు రాయడం ఆపాడు. భూతద్దం తీసి మళ్లీ చూశాడు.

"సుందరమ్మా, ఈయన దగ్గర సంచి ఏదీ?"

ఆమె వంగి చూసింది. ఏటా నొసటి మీద బొట్టు పెట్టింది గాని కిందికి ఎన్నడూ చూడలేదు. పటంలో మనిషి బంతి కట్టెలను పొయ్యి కట్టెల్లాగ చంకలో అదుముకుని ఉన్నాడు.

"సంచి పక్కకు వెట్టిండేమో సారూ."

"మొదట్లో సంచులే లేవమ్మా. ఇట్లా చంకలో పెట్టుకునే మోసేవాళ్లు. ఆ దొరల కోట్లు కూడా ఆ కాలానివే. ఈ ఫోటో తీసి తొంభై ఏండ్లు కావస్తుంది. మీ నాన్న పోయేనాటికి ఎంత వయసు?"

"యాభై ఉంటయేమో."

బాలకిషన్ వేళ్ల మీద ఏండ్లు లెక్కపెట్టాడు. మధ్యలో ఆపి, తల దించుకుని అద్దం కోయసాగాడు.

"గప్పటికి బాపు పుట్టనే లేదా? మరి గీనెవరు సారూ?"

"తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు."

"గా దొరలెవరో?"

"వాళ్ల సంగతి తెలుస్తుంది. రెజిమెంటు రికార్డుల్లో పేర్లు దొరుకుతాయి."

ఇదీ మన చరిత్ర. ఒక కూలికి ముఖముంది, పేరు లేదు. ఇంకో కూలికి పేరుంది, ముఖం లేదు. టోపీలు పెట్టుకున్నవాళ్లకు మాత్రం రెండూ ఉన్నాయి.

మ్యూజియంలో పెట్టిస్తాను, ఇస్తావా అని సారు మెల్లగా అడిగాడు. "ఇంట్ల మా అమ్మున్నది సారూ" అని సుందరమ్మ పటాన్ని చీరలో చుట్టుకున్నది.

కాశమ్మ కండ్లకు పొర కమ్మింది. పెత్రమాస నాడు కొత్త అద్దాన్ని చేత్తో తడిమి "మంచిగ కట్టిండు" అన్నది. సుందరమ్మ కుంకుమ తడిపింది. భుజం మీద కూర్చున్న పిల్లకు తండ్రి భుజం గుర్తుంటుంది, ముఖం ఎక్కడ గుర్తుంటుంది?

"అమ్మా, బాపు మొకం ఎట్లుండేనే?"

"గదేం అడుగుడే? పటంల లేడా? గట్లనే ఉండే. బక్కగ, రుమాలు గట్టుకొని."

"పటం ముచ్చట వదిలెయ్యే. గది ఇంటికి రాకముందు ఎట్లుండే? యాది చేసుకో."

కాశమ్మ చాలాసేపు యాది చేసుకున్నది. మళ్లీ అద్దాన్ని తడిమింది.

"గట్లనే" అన్నది చివరికి. "బొట్టు వెట్టినవా? బువ్వ సల్లారవట్టె, ఎంత ఆకలిగొన్నడో మీ బాపు."

సుందరమ్మ వేలు అద్దం దాకా పోయి ఆగింది. కుంకుమ వేలి మీదనే ఉంది.

"పెట్టినమ్మా" అన్నది.

కాశమ్మ పటానికి రెండు చేతులు జోడించింది.