పావుగంట కూర

మేడ్చల్ల మా అత్తగారింట్ల చేపలంటే పొద్దంతా పని. పులుసు వేరే, ఏపుడు వేరే, కూరగాయ వేరే. ఒక ఆదివారం నాకు తిక్కలేసింది. మా ఆయన శామీర్‌పేట చెరువు కాడ కోపిచ్చుకొచ్చిన రవ్వ చేప ముక్కలు, వంకాయలు, టమాటలు, పచ్చిమిరపకాయలు అన్నీ ఒక్క కడాయిల పరిచి మూతబెట్టిన. పావుగంటల అయింది. ఇగ వంటింట్ల నుంచి బయటవడ్డ అని మస్తు మురిసిన.

ఆ మురిపెం ఎన్నాళ్లో నిలువలే. రింగురోడ్డు పడుతదన్న మాట పుట్టినంక, ప్లాట్లు చూడనీకి అల్వాల్ నుంచి వచ్చేటోళ్లను మా ఆయన ఇంటికే తోల్కరావట్టిండు. "తినే పోదురు కూసోండ్రి, మా ఆమెకు పావుగంట పని" అని వాకిట్ల నుంచే చెప్తుండె. ఆదివారం పోయి రోజూ అయింది. ఒకళ్లు చేతులు కడుక్కునే లోపల ఇంకో జీపు వచ్చి ఆగేది.

ఒకనాడు పండ్లు కొరుక్కుంట, కావాలనే పిడికెడు ఉప్పు ఎక్కువేసిన. ఇట్లనన్న నా పీడ పోతదనుకున్న. ఆయన ఒక్క ముద్ద తిని కంచం పక్కకు జరిపిండు. కోపం గూడ చెయ్యలే.

"ఉప్పెక్కువైంది. ఏం గాదు, మళ్ల చెయ్యి" అన్నడు. "పావుగంటనే గదా."