మునగాల దాటాక

ఎనభైల చివర్లో ఒక మే నెల. అక్కకి కోదాడలో, మా ఇంట్లోనే కాన్పయింది. తొలిచూలు, ఆడపిల్ల. బస్సుల సమ్మె నడుస్తోంది. సూర్యాపేటలో ఉన్న బావకి కబురు చెప్పాలని తెల్లవారకముందే సైకిలెక్కాను. నాకప్పుడు ఇరవై ఏళ్లు. నలభై కిలోమీటర్ల పైచిలుకు తొక్కి చేరేసరికి తొమ్మిదయింది.

కబురు విన్న బావ నన్ను సరిగ్గా కూర్చోనివ్వలేదు.

"పొద్దు సల్లబడ్డంక పోదం బావా," అన్నాను.

"నువ్వుండు. నేను పోత. నా బిడ్డను నేను సూడొద్దా?"

ఒక్కణ్ణే పంపలేక, చెంబెడు మజ్జిగ తాగి, తన సైకిలెక్కిన బావ వెంట బయల్దేరాను.

ముందు రోజు నాలుగు చినుకులు పడ్డాయి. దాంతో నేలంతా ఆవిరి కక్కుతోంది. ఆకు కదలడం లేదు. తారు మెత్తబడి చక్రాలకి అతుక్కుంటోంది. చెమట ఆరదు, కారి కళ్లలోకి దిగి మండుతుంది. బోరింగు దగ్గర తల తడుపుకున్నా ఫర్లాంగు దూరం పోకముందే మళ్లీ అదే ఉక్క. మునగాల చేరేసరికి బావ వెనకబడితే కోపం, గొర్రెలు అడ్డమొస్తే కోపం, ఎవరైనా పలకరించినా కోపం.

మునగాల దాటాక ఒక లారీ నన్ను రాసుకుంటూ దూసుకుపోయింది. తిట్టేలోపే వెనక బ్రేకుల చప్పుడు. తిరిగి చూస్తే బావ రోడ్డు పక్కన పడి ఉన్నాడు. పక్కనే మరో లారీ ఆగి ఉంది. డ్రైవరు దిగి ఆయన మీదికి వంగుతున్నాడు.

సైకిలు పడేసి పరుగెత్తాను. దానికి కట్టిన గాలిపంపు చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదు. బావ చేయి మోచేతి దగ్గర వెనక్కి తిరిగి ఉంది. అది చూశాక ఇంకేమీ చూడలేదు. డ్రైవరు తల మీద కొట్టాను.

"బాబూ, నేను కా..." అనబోయాడు. నోటి మీద కొట్టాను. పన్ను ఊడి నెత్తురుతో పాటు కింద పడింది.

చాయ్ కొట్టు నుంచి, చేలల్లోంచి జనం వచ్చారు. "ఏం సూస్తున్రు, కొట్టుండ్రి!" అని అరిచింది నేనే. పడిపోయినవాణ్ణి డొక్కలో తన్నారు. ఒకడు రాయి ఎత్తాడు. నిజం చెప్పాలంటే, పొద్దుటి నుంచి నాకు హాయిగా అనిపించింది అప్పుడే.

"ఆపుండ్రి! గీయన కాదురా! గుద్దినోడు ఆగకుంట పోయిండు. గీయన నన్ను లేపనీకి ఆగిండు!"

బావ ఒంటి చేత్తో మట్టిలో పాకుతూ వచ్చి డ్రైవరు మీద అడ్డంగా పడ్డాడు. రాయి ఎత్తినవాడు దాన్ని పక్కన వదిలేశాడు. జనం ఒక్కొక్కరే జారుకున్నారు.

డ్రైవరుకి యాభై ఏళ్లుంటాయి. లేచి కూర్చుని నెత్తురు ఉమ్మి, లుంగీ సర్దుకున్నాడు. కాళ్లు పట్టుకోబోతే నన్ను నెట్టేశాడు.

"ముందు ఆయన్ని ఎక్కించు. రక్తం పోతోంది, కనపడట్లా?" మాటలో కోస్తా యాస.

ఆయన కన్నొకటి వాచి మూసుకుపోయింది. రెండో కంటితోనే కోదాడ దాకా బండి నడిపాడు.

"తప్పయింది. ఎండకు నా మతి పోయింది," అన్నాను దారిలో.

"ఎండ నాకూ ఉంది," అన్నాడు.

దవాఖానలో కాంపౌండరు ఆయన మొహం చూసి, "నిన్నెవరు కొట్టిన్రు? పోలీసులకు చెప్పాలె," అన్నాడు.

డ్రైవరు నావైపు చాలాసేపు చూశాడు.

"లారీ దిగుతూ పడ్డాను. కుట్లేసి పంపండి, బెజవాడ చేరాలి."

ఆయన ఊరైనా అడుగుదామని వెనకే వెళ్లాను. నన్ను చూసి కూడా బండి ఆపలేదు.

బావ చేయి దక్కింది గానీ, మళ్లీ పూర్తిగా చాచలేకపోయాడు. ఆ సాయంత్రం సిమెంటు కట్టుతోనే ఇంటికొచ్చి, బిడ్డను రెండో చేతిలోకి తీసుకుని ఏడ్చాడు. నన్నూ ఎత్తుకోమన్నారు. స్నానం చేయలేదని తప్పించుకున్నాను.

అక్క నా చొక్కా చూసి బెదిరిపోయింది. "అయ్యో తమ్మీ, మీ బావకు గింత నెత్తురు పోయిందా?"

"పోయిందక్కా," అన్నాను.

బావ నావైపు చూసి, బిడ్డ మొహం మీద వాలిన ఈగను తోలాడు. అక్కకి ఇప్పటికీ అంతవరకే తెలుసు.