మావయ్యగారి జీపు, రివర్సు గేరు

మా మావయ్యగారు డెబ్బై ఒకటి యుద్ధంలో మిలటరీ జీపు నడిపారు. విజిట్ వీసా మీద వచ్చిన ఆయనకు ఒక మిలటరీ బండి కిట్టు కొనిద్దామని ఈ మధ్యాహ్నం బర్ దుబాయ్‌లో ఓ దుకాణానికి తీసుకెళ్లాను. ప్లాస్టిక్ ముక్కలు అతికించి బొమ్మ తయారుచేసుకునే రకం.

నేను ట్యాంకు పెట్టె చూపిస్తే పక్కకు నెట్టేశారు. అద్దాల బీరువాలో తయారుచేసి పెట్టిన జీపును చూసి, "ఇదే బాబూ నా బండి," అని, డెబ్బై ఒకటిలో నడిపానని దుకాణం ఆయనకు హిందీలో చెప్పారు. దుకాణం పెద్దాయన లాహోర్ మనిషి, ఈయన ఈడువాడే. తాళం తీసి, జీపును మావయ్యగారి అరచేతిలో పెట్టి, తనూ అదే యుద్ధంలో అలాంటిదే నడిపానని హిందీలో చెప్పాడు. అవతలి సైన్యంలో.

మావయ్యగారి కోపం మా ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇక్కడ గొడవైతే పోలీసులు, వీసా...

"ఆప్ కా రివర్స్ గేర్ ఠీక్ థా?" అని అడిగాడు పెద్దాయన.

మావయ్యగారి వేళ్లు జీపు చుట్టూ బిగుసుకున్నాయి. బొమ్మ పటుక్కుమంటుందనుకున్నాను.

"సెకండ్ గేర్ జామ్ హోతా థా. రివర్స్ ఫస్ట్ క్లాస్!" అన్నారు.

ఇద్దరూ కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు. జీపు కిట్టే కొన్నాం.

మెట్రోలో నేనింకా నవ్వుతుంటే, ఆయన పెట్టెను ఒళ్లో పెట్టుకుని మెల్లగా అన్నారు. "నవ్వులాటకన్నది కాదు బాబూ. ఆ యుద్ధంలో నిజంగానే రివర్సు వేశాను. మీ అత్తయ్యక్కూడా చెప్పలేదు."

"మా నాన్న వెనక్కి తగ్గే మనిషి కాదు" అని ఇరవై ఏళ్లుగా నన్ను దెప్పుతున్న మా ఆవిడకి కనపడకుండా పెట్టిన వాట్సాప్ స్టేటస్ ఇది. ఆవిడకి చెప్పమంటారా, వద్దంటారా?