బావ దిగి మళ్ళీ ఎక్కిన పందెం

మొన్న రంగూన్ శివారు తాకేటాలో ఉన్న మనవరాలి ఇంటికి బస్సులో పోతుంటే, మలుపు దగ్గర తాడు కట్టి దారి ఆపేశారు. ఎందుకా అని కిటికీలోంచి తొంగి చూద్దును కదా, సైకిల్ పందెం! మోకాళ్ళ నొప్పులూ డాక్టరు చెప్పిన జాగ్రత్తలూ గాలికొదిలేసి, కండక్టరు వద్దంటున్నా వినకుండా దిగిపోయి, కాలువ గట్టు మీద నిలబడి, డెబ్భై దాటినవాణ్ణి, నలుగురూ వింటున్నారన్న సిగ్గయినా లేకుండా తొక్కు, తొక్కు అని తెలుగులోనే కేకలు పెట్టేశాను. పక్కనున్న బర్మా ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. నవ్వనీండి. ఈ పిచ్చి ఇప్పటిది కాదు.

ఇరవైల నాటి రంగూన్ ఎరిగినవాళ్ళు మీలో ఇంకా కొందరుంటారు, వాళ్ళకి నేను చెప్పనక్కర్లేదు. ఆదివారం మైదానంలో పందెం ఉందంటే చాలు, నాకు శనివారం నుంచే అన్నం సయించేది కాదు. పబేడాన్‌లో మేమున్న మేడ మెట్లు రెండేసి చొప్పున దూకి, దారిలో మొహింగా దుకాణం చేపపులుసు వాసనతో పిలుస్తున్నా ఆగక, అందరికంటే ముందు పోయి తాడుకి ఆనుకుని నిలబడేవాణ్ణి. మట్టి మీద టైర్ల కరకర, గొలుసుల చప్పుడు, మలుపులో ఒక్కసారిగా పక్కకి ఒరిగిపోయే ఎనిమిది బళ్ళు! పడిపోతారు, పడిపోయారు అని తాడు మీంచి వంగిపోయేవాణ్ణి. అంతలో లేచి నిలబడి దూసుకుపోయేవాళ్ళు. ఎవడి పిక్క ఎప్పుడు బిగుస్తుందో, ఎవడు దాచుకుని తొక్కుతున్నాడో నాకు కొట్టిన పిండి. నాకు మాత్రం సైకిల్ ఎక్కడం రాదు సుమండీ, ఎక్కిన రెండుసార్లూ గోడకే పోయాను.

తొక్కడం వచ్చినవాడు మా బావ, అంటే నేను అప్ప అని పిలిచే మా అక్క మొగుడు. మిల్లుల నుంచి బియ్యం నమూనాల సంచులు సైకిల్ మీద ఊళ్ళోని షావుకారు ఆఫీసుకి చేరవేయడం ఆయన ఉద్యోగం. బండి ఆఫీసుది, సాయంత్రానికి అక్కడే వదిలేసి నడిచి ఇంటికి రావాలి. ఆదివారం పందేలకి మాత్రం షావుకారు దయతలచి ఇచ్చేవాడు. అలాంటిది ఒక ఏడు వానలు వెలిశాక ఇరవై చుట్ల పందెం పెట్టి, గెలిచినవాడికి సరికొత్త విలాయతీ సైకిల్ అని చాటారు. ఆ సైకిల్‌ని మైదానం పక్క దుకాణం అద్దంలో పెడితే, మా బావ రోజూ దారి మార్చుకుని అటుగా వచ్చి కాసేపు నిలబడి చూసి పోయేవాడు. ఆయన నోరు విప్పి కావాలని అడిగిన వస్తువు నా ఎరుకలో అదొక్కటే.

ఒక్కొక్క పందెగాడి చుట్లు లెక్కపెట్టడానికి వాడి తరపు మనిషి ఒకడు ఉండాలన్నారు. బావకి నేను కాక ఇంకెవరు? నేను రేవులో పుల్లల గుమాస్తాని, కూలీ బస్తాతో నన్ను దాటినప్పుడల్లా డబ్బాలో ఒక వెదురుపుల్ల వేయడమే నా పని. మొదటి బస్తా కదలకముందే లాభం అనుకుంటూ ఒక పుల్ల ఊరికే వేయడం మా మేస్త్రి ఆనవాయితీ, సాయంత్రం దాన్ని తీసేసి మిగిలినవి లెక్కపెట్టేవాళ్ళం. ఆ డబ్బా, ఆ పుల్లలే పట్టుకుపోయి గీత దగ్గర కూర్చున్నాను. నా పక్కనే నోట్లో చుట్ట పెట్టుకున్న ఒక బర్మా పెద్దాయన. తన్లిన్ నుంచి వచ్చిన ఆయన మేనల్లుడే మా బావకి అసలు పోటీ.

ఈల మోగింది! అబ్బ, ఏమి పందెమండీ అది! నాలుగో చుట్టుకే ఇద్దరు దొరలు దుమ్ములో వెనకబడ్డారు. పదో చుట్టుకి ఎవరు ముందో, ఎవరు చుట్టు వెనకబడి కలిసిపోయారో ఎవరికీ తెలియని గందరగోళం. నేను మాత్రం బావ చక్రం మీంచి చూపు తిప్పలేదు. లుంగీ పైకి బిగించిన ఆ తన్లిన్ కుర్రాడూ మా బావా జోడెడ్ల మాదిరి కదిలారు. డబ్బాలో పంతొమ్మిదో పుల్ల పడగానే ఆఖరి చుట్టు అని ఎర్రగుడ్డ ఊపాను. బావ సీటు మీంచి లేచిపోయాడు! ఆఖరి మలుపులో ఆ కుర్రాణ్ణి దాటి గీత దూకేసరికి రేవు జనమంతా తాడు తెంచుకుని లోపలికొచ్చి ఆయన్ని భుజాల మీదికెత్తేశారు. అంపైరు నా డబ్బా చూసి ఇరవై ఉన్నాయని తలూపాడు.

కానీ అప్పటికే పక్కనున్న బర్మా పెద్దాయన తన మేనల్లుడికి ఆఖరి చుట్టు అని ఎర్రగుడ్డ ఊపాడు. మొదటి నుంచీ విడవకుండా పక్కపక్కనే తొక్కిన ఇద్దరిలో ఒకడికి పందెం అయిపోవడమేమిటి, ఇంకొకడికి చుట్టు మిగలడమేమిటి? చుట్టు వెనకబడ్డాడనుకున్నారు అందరూ. కాదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఈల మోగగానే నా చెయ్యి, నన్నడక్కుండానే, లాభం పుల్ల వేసేసింది!

నోరు మూసుకుంటే సైకిల్ బావది. ఆ కుర్రాడు ఓడిపోయాననుకుని మొహం వేలాడేసుకుని మెల్లగా అవతలి వైపు తొక్కుతున్నాడు. అతను గీత దాటితే ఇక చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. బల్ల మీదికెక్కి గొంతు చిరిగేలా అరిచాను.

“బండెక్కు బావా! లెక్క తప్పింది! ఇంకో సుట్టుంది!”

“ఏటంటన్నావురా?” అని భుజాల మీంచే అడిగాడు బావ. ఆ మొహం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది. అంతే, జనం మీంచి కిందికి దూకి, బండి లాక్కుని, పరుగెత్తుతూనే ఎక్కేశాడు!

ఆ చుట్టు చూసినవాళ్ళ జన్మ ధన్యం. మైదానం మైదానమంతా, బర్మా వాళ్ళూ దొరలూ మనవాళ్ళూ అనకుండా లేచి నిలబడి అరుస్తున్నారు. ఆ అరుపుకి కుర్రాడు వెనక్కి చూసి, సంగతి గ్రహించి మళ్ళీ అందుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్యా అరచుట్టు దూరం కాస్తా యాభై గజాలైంది, ఇరవై అయింది, పది అయింది. పక్కనున్న పెద్దాయన చుట్ట పారేసి, తన మేనల్లుడి సంగతే మరిచి నా భుజం పట్టుకుని మా బావ కోసం కేకలు పెడుతున్నాడు. మూడు చక్రాల దూరంలో ఓడిపోయాం.

రెండో బహుమతిగా సైకిల్‌కి తగిలించుకునే దీపం ఇచ్చారు, సైకిల్ లేనివాడికి! దాన్ని చూసినప్పుడల్లా మా అప్ప, “ఓలమ్మ, నోరు మూసుకుంటే నీ సొమ్మేటి పోయేదిరా?” అని రెండు నెలలు దులిపింది. బావ ఒక్కనాడూ ఒక్క మాటా అనలేదు. ఆ మర్నాడు కూడా ఆఫీసు బండి మీదే నమూనాలు మోశాడు.

కొన్నేళ్ళకి వాళ్ళిద్దరూ ఓడెక్కి కళింగపట్నం దగ్గరి తమ ఊరికి వెళ్ళిపోయారు. ఒకసారి చూడ్డానికి వెళ్ళాను. సాయంత్రం వాకిట్లో పదిమందిని కూర్చోబెట్టుకుని బావ ఆ పందెం చెబుతున్నాడు. గెలిచినోడు దిగనేదు, నాను దిగి మళ్ళా ఎక్కినాను అని తొడ చరిచి చెబుతుంటే నాకే ఒళ్ళు పులకరించింది. అంతలో ఎవరో, ఆ లెక్క తప్పిన గుమాస్తా ఎవడని అడిగారు. బావ నా వైపు చూడనైనా చూడలేదు.

“ఎవుడో రేవు గుంటడు. మొకం గ్యాపకం నేదు.”

మైదానం నిండా జనం ముందు బల్లెక్కి అరిచినవాణ్ణి, ఆ పదిమంది ముందు నోరు పెగల్లేదు.

ఆ తర్వాత యుద్ధం వచ్చింది, రేవులో మనవాళ్ళు ఎందరో కాలినడకన ఇండియాకి వెళ్ళిపోయారు, మైదానం చుట్టూ ఆనాటి ముఖాలేవీ లేవు. ఇప్పుడు పందేలకి గడియారాలున్నాయి, మైకులున్నాయి, తప్పు పడినా అది ఎవరిదో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎవరినీ దాచనక్కర్లేదు. నా అరుపు విన్నవాళ్ళూ లేరు, నన్ను దాచిన బావా లేడు. ఆ ఊళ్ళో పందెం కథ విన్నవాళ్ళ పిల్లలెవరైనా ఇది చదివితే, వాళ్ళ కోసం రాస్తున్నాను. ఆ గుమాస్తాని నేనే.