గ్యాస్ నొప్పి కాదు

ఆదిభట్లలో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకు ఉన్నట్టుండి గుండె దడ, వణుకు వచ్చేవి. డాక్టరు పానిక్ ఎటాక్ అన్నారు. ఇబ్రహీంపట్నంలో మా బాపు మాత్రం గల్లీ అంతా గ్యాస్ నొప్పి అని చెప్పుకొచ్చాడు.

ఆందోళనపై జరుగుతున్న ఒక పరిశోధనలో నేనూ పాల్గొన్నాను. మొన్న హైదరాబాద్‌లో మనస్తత్వ శాస్త్రవేత్తల సదస్సులో నా అనుభవం చెప్పమన్నారు. మొహం కనబడకుండా తెర కడతామంటే వద్దన్నాను. బాపు గొణుగుతూనే వెంట వచ్చాడు.

మైకు ముందు నోరు తెరిచానో లేదో, అదే దడ మొదలైంది. ఊపిరి ఆడలేదు. నిర్వాహకురాలు పరుగున వచ్చి నన్ను వేదిక దింపబోయింది. నేను దిగలేదు.

"ఆగున్రి మేడం. మీరంతా చదివేది గిదే గదా, జర చూడున్రి. అదే పోతది," అన్నాను మైకులోనే.

వణుకు తగ్గేదాకా అక్కడే నిలబడి, చెప్పాల్సిందంతా చెప్పే దిగాను.

సాయంత్రం బస్సు దిగి వస్తుంటే పక్కింటి పెద్దమ్మ అడిగింది, "గ్యాస్ నొప్పి తగ్గిందా బిడ్డా?"

నాకంటే ముందే బాపు అన్నాడు: "గ్యాస్ గీస్ ఏం లేదక్కా. అది భయం. నా బిడ్డ దాన్ని అందరి ముంగట నిలవెట్టింది."

ఆ దడ ఇప్పటికీ వస్తుంది. మా ఇంట్లో దానికి దొంగపేరు మాత్రం లేదు.