చేప అని రాయని టీచర్

ఈ ఏడు పూత ఆలస్యంగా వచ్చింది. వచ్చాక మాత్రం నూజివీడు చుట్టుపక్కల తోటలన్నీ ఒక్కసారిగా పసుపెక్కాయి. పొద్దున్నే బండి మీద వెళ్తుంటే పూత తియ్యదనంలోకి పురుగుమందు ఘాటు దూరి, గొంతులో చేదుగా దిగుతుంది. మొన్న టీ కొట్టు దగ్గర ఆ చేదు మింగుతూ నిలబడ్డాను. ఉంగుటూరు వైపు ఎవరో కొత్తగా ముత్యాల సాగు మొదలుపెట్టారన్న మాట వచ్చింది. "ఎస్తేరు టీచర్ ముత్యాల్లాగా కాకుండా చూసుకోమను," అన్నాడొకడు. అందరూ నవ్వారు. మా వైపు ఇప్పుడది సామెత. చేతగాని పని నెత్తికెత్తుకుని పాడుచేసుకున్న వాళ్ళ గురించి అంటారు. టీచర్ గారు పోయి ఏడాది దాటింది. ఆ ముత్యాలు ఆవిడ చేతగానితనం వల్ల పోలేదు. ఆ సంగతి ముందునుంచీ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి, రాయాల్సినవాణ్ణీ నేనే.

ఎస్తేరు గారు మా హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. రిటైరయ్యాక తన మామిడితోటలోనే చిన్న ఇంట్లో ఉండేవారు. మా దగ్గర పూత చూసి కాపు మాట్లాడుకోవడం పద్ధతి. అప్పటి నుంచి కాయ కోత దాకా తోట వ్యాపారి చేతిలో ఉంటుంది. మందు కొట్టించడం కూడా అతని బాధ్యతే. నేను వ్యాపారంలోకి దిగిన కొత్తలో నన్ను నమ్మి తోట ఇచ్చినవాళ్ళు లేరు. మా నాన్న చేసిన వ్యాపారం అలాంటిది. పెద్ద వ్యాపారులు గుమ్మంలో నిలబడి ఉండగా ఆవిడ నన్ను పిలిచి, "ఒరేయ్ రాంబాబూ, ఈ ఏడు కాపు నువ్వు చూసుకో. కొమ్మలు విరగ్గొట్టావంటే మాత్రం బెంచీ ఎక్కిస్తాను," అన్నారు. ఆ ఒక్క మాటతో మిగతా తోటలవాళ్ళు కూడా నన్ను మనిషిగా చూడటం మొదలుపెట్టారు. నేనీ వ్యాపారంలో నిలబడింది ఆ మాట మీదే.

తోట చివర చిన్న చెరువు ఉండేది. ఓ ఏడు అందులో వెదురుబొంగులు పాతి, వాటికి నైలాను వల సంచులు వేలాడదీశారు. సంచుల్లో మంచినీటి ఆల్చిప్పలు. ఒక్కోదాన్నీ కాస్త తెరిచి, లోపల చిన్న పూస పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి దింపాలి. దాని చుట్టూ ముత్యం పేరుకోవడానికి ఏడాది పైనే పడుతుంది. ఈ పని ఎక్కడో శిక్షణలో నేర్చుకుని వచ్చారు. నాకు నవ్వొచ్చింది.

"బంగినపల్లికి లేని గిరాకీ వీటికొస్తుందంటారా టీచర్ గారూ?" అన్నాను.

"రాకపోతే మెళ్ళో వేసుకుని చర్చికెళ్తాను, నీకెందుకు?" అన్నారు. తర్వాత ఒక ఆల్చిప్పను నా అరచేతిలో పెట్టి, "దీనికి కాళ్ళు లేవు, నోరు లేదు. చేపకి నీళ్ళు పడకపోతే కనీసం పైకి తేలి గింజుకుంటుంది. ఇది తలుపేసుకుని కూర్చుంటుందంతే. మీ మందు డ్రమ్ములు మాత్రం ఈ చెరువులో కడగొద్దు నాయనా. నేను నిన్ను అడిగేది ఇదొక్కటే," అన్నారు. సరేనన్నాను. ఆ క్షణంలో మనస్ఫూర్తిగానే అన్నాను.

చెరువుకి అనుమతి తీసుకోవాలని ఆవిడే పట్టుబట్టారు. తన సొంత చెరువైనా చట్టప్రకారం నమోదు కావాలి, అప్పుడే రేపు ఏదైనా జరిగితే అడిగే హక్కు ఉంటుందని ఆవిడ నమ్మకం. మత్స్యశాఖ ఆఫీసుకి నా బండి మీదే తీసుకెళ్ళాను. అక్కడి గుమాస్తా దరఖాస్తు అటూ ఇటూ తిప్పి చూశాడు. చేపలున్నాయి, రొయ్యలున్నాయి. ఆల్చిప్పల ఊసు లేదు.

"చేపలని రాసేయండి మేడమ్. ఎవరొచ్చి చూస్తారండీ?" అన్నాడు.

"ఇవి చేపలు కాదండీ."

"నీళ్ళలోనే ఉంటాయి కదండీ!"

"కప్పలూ ఉంటాయి. వాటిని కూడా చేపలని రాస్తారా మీరు?"

పక్కన కూర్చున్నవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. పైఅధికారిని అడిగి చెప్తానన్నాడు. ఆ తర్వాత ఎన్నిసార్లు తీసుకెళ్ళినా ఆ అధికారి క్యాంపులోనే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు నేనే అన్నాను: "ఒక్క అబద్ధానికి ఏమౌతుందండీ, రాసేయొచ్చుగా?" వెనక సీటు నుంచి జవాబొచ్చింది: "ముప్పై మందిని కూర్చోబెట్టి ఏది చేపో ఏది కాదో చెప్పినదాన్నిరా. ఇప్పుడు సంతకం పెట్టి తప్పు రాయమంటావా?"

మరుసటి ఏడు పూత మీద తేనెమంచు పురుగు విరుచుకుపడింది. మందు కొట్టే ట్రాక్టరు కోసం అందరూ కొట్టుకున్నారు. టీచర్ తోటలో పని అయ్యేసరికి కరెంటు పోయింది, బోరు ఆగిపోయింది. జి. కొండూరు వైపు ఇంకో తోటవాళ్ళు ఫోను మీద ఫోను. ట్రాక్టరు నడిపే కోటయ్య వచ్చి, "బోరు నీళ్ళు రావట్లేదండీ, డ్రమ్ములు ఎక్కడ కడగమంటారు?" అన్నాడు. అతని వెనకే చెరువు కనిపిస్తోంది. నేను ఫోను చెవి నుంచి తీయకుండానే, "చూసి కానివ్వు," అన్నాను. చెరువులో కడగమని నేను అనలేదు. వద్దని కూడా అనలేదు.

కొన్నాళ్ళకు చిప్పలన్నీ నోళ్ళు తెరిచాయి. బతికున్న ఆల్చిప్ప ముట్టుకుంటే మూసుకుంటుంది. ఆవిడ గట్టు మీద కూర్చుని ఒక్కో సంచీ పైకి లాగి, ఒక్కోదాన్నీ వేలితో తట్టి చూస్తున్నారు. కుళ్ళు కంపు కొడుతోంది. ఆవిడ ముక్కు కూడా మూసుకోలేదు.

ఫిర్యాదు చేస్తే ఒక అధికారి జీపులో వచ్చాడు. టీచర్ గారు అడిగింది ఒక్కటే. "నాకు పరిహారం వద్దండీ. ఇది నా పంట అనీ, విషం వల్ల చచ్చిపోయిందనీ రాయండి. రేపు ఇంకెవరైనా ఇవి పెంచుకుంటే వాళ్ళకైనా పనికొస్తుంది." నీళ్ళు తీసి పరీక్షకి పంపమన్నారు. అతను కాసేపు నసిగి, తోట చేస్తున్నది నేనే కాబట్టి నా వైపు తిరిగాడు. "ఏమండీ, మీరు చెప్పండి, ఏం జరిగింది?"

కోటయ్య ట్రాక్టరు పక్కన తల దించుకుని ఉన్నాడు. నేను, "చెరువుకి పర్మిషన్ లేదండీ," అన్నాను.

నేనన్నది నిజమే. అధికారి మొహం తేటపడింది. "మరి అదీ! పర్మిషన్ లేని చెరువుకి మేమేం చేస్తాం మేడమ్? నీళ్ళు తగ్గి చచ్చిపోయుంటాయి లెండి," అన్నాడు. నేను కాదనలేదు. ఆవిడకి నీళ్ళు చూసుకోవడం చేతకాలేదన్న మాట ఊళ్ళోకి పోయింది. సామెత పుట్టింది అక్కడే.

టీచర్ గారు నన్నే చూస్తూ, "ఆఫీసుకి బండి మీద నన్ను తిప్పింది నువ్వేగదరా. పర్మిషన్ ఎందుకు లేదో ఆయనకి చెప్పు," అన్నారు. గట్టిగా కూడా అనలేదు. క్లాసులో జవాబు తెలిసీ చెప్పని పిల్లాణ్ణి లేపినట్టు అడిగారు. నేను చెప్పే లోపల జీపు తలుపు పడింది. కాదు, ఇదీ సరిగ్గా రాయాలి. తలుపు పడేదాకా నేనే ఆగాను.

చట్టం ఆవిణ్ణి ఏ ప్రాణి పెంచుతున్నావని అడిగింది, కాగితం ఏదని అడిగింది. డ్రమ్ము ఎక్కడ కడిగావని నన్నెవరూ అడగలేదు. అబద్ధం రాసి ఉంటే ఆవిడకి రక్షణ దొరికేదేమో. రాయనందుకు దొరకలేదు. నిజం చెప్పానని నేను దర్జాగా బయటపడ్డాను.

తరువాతి పూతకి నన్ను పిలవరనుకున్నాను. కబురొచ్చింది. వెళితే ఎప్పటిలాగే కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. కాపు సంగతి పది మాటల్లో తేల్చేశారు. కొమ్మల గురించి ఏమీ అనలేదు. క్షమించారేమోనని ఆశ పుట్టింది. ఇన్నాళ్ళూ దాచుకున్నది చెప్పేద్దామని, "టీచర్ గారూ, ఆ రోజు కోటయ్య..." అని మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. చెరువు వైపు చూశారు. బొంగులు అప్పటికే పీకేసి ఉన్నాయి. నీళ్ళ మీద ఏమీ లేదు.

"కోటయ్యకి చెప్పు," అన్నారు. "ఈ ఏడు డ్రమ్ములు అక్కడే కడుక్కోమను. నేను పర్మిషన్ ఇస్తున్నాను."

ఆ తర్వాత ఆవిడ పోయేదాకా ఆ తోట నేనే చేశాను. ఒక్క ఏడు కూడా ఆవిడ ఆ మాట వెనక్కి తీసుకోలేదు, నేనూ తీసుకోమని అడగలేకపోయాను.