గేజీ మీద కుంకుమ బొట్టు

దసరా నాటి ఉదయం, జడ్చర్లలో మా అక్కావాళ్ల కిరాయింటి ముందున్న కాస్త జాగాలో ఉన్నవి: బానెట్ ఎత్తిన పాత పెట్రోలు కారు, ఇంజనులోకి అదనంగా గాలి నెట్టేందుకు దానికి బావ తన చేతులతో బిగించుకున్న సెకండ్‌హ్యాండ్ టర్బో, ఇంజనుకు వెళ్లే పెట్రోలు ఒత్తిడిని పీఎస్‌ఐ లెక్కన చూపే గుండ్రటి గేజీ, ఒక అలెన్ కీ, రెండు స్పానర్లు. ఉన్నవారు: బావ, అక్క, బావ వాళ్లమ్మ అయిన అత్తమ్మ, నేను. మనుషులను మినహాయిస్తే, అన్నింటికీ అత్తమ్మ అప్పటికే పసుపు రాసి బొట్లు పెట్టేసింది.

టర్బో పెట్టినప్పటి నుంచి కారు నల్లగా పొగ కక్కుతోంది. ఎదురింటివాళ్లు ఆ కారు చప్పుడు వినగానే తీగ మీది బట్టలు తీసుకుంటున్నారు. సాయంత్రం జమ్మికి అదే కారులో వెళ్తామని, అప్పటికీ పొగ వస్తే తెల్లారే అమ్మకానికి పెడతానని అక్క తేల్చేసింది. బావకు ఆ కారంటే ఎంత ఇష్టమంటే, పెళ్లిరోజు మరిచిపోతాడు గానీ ఆయిల్ మార్చిన రోజు మరిచిపోడు.

నేను దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో ప్రెషర్ గేజీలు సరిచూసే ఉద్యోగం చేస్తున్నాను. అందుకే పిలిపించారు. బావ మాత్రం పండుగ భోజనానికి పిలిచానంటాడు.

"నలభై మూడు పెట్టిన బామ్మర్దీ. వీడియోల ఎట్ల చెప్పిండ్రో గట్లనే," అన్నాడు.

"గీ సన్న పైపు తీసి పెట్టినవా, ఉండంగనే పెట్టినవా?"

"ఉన్నదాన్ని ఎందుకు తీస్త?"

"వీడియో మొత్తం చూసినవా బావా?"

"సగం చూసి పండుకున్నడు," అంది అక్క. "మా పెండ్లి వీడియో గూడ గంతే."

ఆ సన్న రబ్బరు పైపు ఇంజను గాలి పీల్చుకునే చోటు నుంచి పెట్రోలు ఒత్తిడిని అదుపు చేసే రెగ్యులేటర్‌కు వస్తుంది. బండి నిలబడి ఇంజను మాత్రం తిరుగుతున్నప్పుడు అది ఆ పైపు గుండా గాలి లాగుతుంది కాబట్టి పెట్రోలు ఒత్తిడి దాదాపు తొమ్మిది తగ్గుతుంది. టర్బో గాలి నెట్టినప్పుడు, నెట్టినంతే పెరుగుతుంది. అందుకే పైపు ఊడదీసి, దాని మూతి మూసి, అప్పుడు నలభై మూడు పెట్టాలి. బావ పైపు ఉండగానే పెట్టాడు. అంటే అసలు ఒత్తిడి యాభై రెండు. ఇంజనుకు అక్కర్లేని పెట్రోలు పోస్తున్నాడన్నమాట.

"ముందు ఆ హారతి పళ్లెం దూరం పెట్టుండ్రి అత్తమ్మా," అన్నాను.

"దేవుని దీపం గూడ కాలుస్తదా బిడ్డా?"

"అది దేవుని దీపమని పెట్రోలుకు తెల్వదు గద."

పళ్లెం లోపలికి వెళ్లాక పైపు తీసి, మూతిలో చిన్న బోల్టు బిగించాను. బావ ఇంజను స్టార్ట్ చేశాడు. సూది యాభై రెండు. రెగ్యులేటర్ మీది లాక్‌నట్ వదులు చేసి, అలెన్ కీతో దాని స్క్రూ కొద్దికొద్దిగా విప్పుతున్నాను. సూది దిగింది, ఇంకా దిగింది, కుంకుమలోకి వెళ్లి మాయమైంది. అత్తమ్మ పెట్టిన బొట్టు సరిగ్గా నలభై నుంచి యాభై దాకా ఉంది.

జేబులోంచి రుమాలు తీశాను.

"ఆగు! పండుగ పూట బొట్టు తుడుస్తవా?"

"అంకె కనబడతలేదు అత్తమ్మా."

"ఒక్కరోజు కనబడకపోతే ఏమైతది?"

"కారు పోతది అమ్మా," అన్నాడు బావ. ఆ ఉదయం అతను నవ్వకుండా అన్న మాట అదొక్కటే.

అత్తమ్మ కొడుకు ముఖం చూసింది, కోడలి ముఖం చూసింది. లోపలికి వెళ్లి కుంకుమ భరిణె తెచ్చింది. గేజీ అద్దం అడుగున, అంకెలు లేని చోట, చిన్న బొట్టు పెట్టింది.

"ఇగ పైది తియ్యి. బోసిగ ఉండొద్దు, గంతే."

తుడిచి చూస్తే సూది నలభై ఒకటి దగ్గరుంది. మళ్లీ నలభై మూడుకు తెచ్చి నట్ బిగించాను. పైపు తగిలించగానే ముప్పై నాలుగయింది.

"పడిపాయె గద బామ్మర్దీ!"

"పడాలె బావా. పడకపోతెనే పొగ."

గేజీని దాని పొడవాటి పైపుతో సహా బానెట్ కింద నుంచి బయటికి లాగి, ముందు అద్దం మీద వైపర్ కింద ఇరికించాము. బావ నడిపాడు. పక్కన నేను, వెనక అత్తమ్మ, వెనక్కి తిరిగి మోకాళ్ల మీద కూర్చుని అక్క. మహబూబ్‌నగర్ వైపు రోడ్డు ఖాళీగా ఉన్నచోట బావ మూడో గేరులో తొక్కాడు. టర్బో ఈల వేసింది.

"పొగ ఉన్నదా?" అడిగాడు. తను మాత్రం వెనక అద్దంలోకి చూడలేదు.

అక్క వెనక కిటికీకి ముక్కు ఆనించి రోడ్డు చూస్తోంది.

"చెప్పరాదే!"

"లేదు. ఉంచుకో నీ కారు. గా ఈల జర తక్కువ ఎయ్యమను."

నేను అంకెలు చూస్తున్నాను. టర్బో ఎనిమిది నెడుతోంది. పెట్రోలు ఒత్తిడి యాభై ఒకటి: నలభై మూడు మీద సరిగ్గా ఎనిమిది.